మూడు మోటార్లు ఒకే రోజు పోవు, ముందు ఎర్త్ చూడండి

మీరు రాసింది ఇదీ: డ్రైవర్ సీటు ఏ బటన్ నొక్కినా కదలడం లేదు, చప్పుడు కూడా లేదు. ఫ్యూజు బాగుంది. స్విచ్ దాకా 12 వోల్టులు వస్తున్నాయని మెకానిక్ మీటర్ పెట్టి చూపించాడు, కాబట్టి మోటార్లే పోయాయి, సెట్టు మార్చాలంటున్నాడు. మార్చాలా, వద్దా?

ఇప్పుడే మార్చకండి. సీటును ముందుకూ వెనక్కూ జరిపేది ఒక మోటారు, ఎత్తు పెంచేది ఒకటి, వీపు వాల్చేది ఇంకొకటి. మూడూ కూడబలుక్కుని ఒకే రోజు చావవు కదా. అన్నీ ఒకేసారి ఆగాయంటే వాటికి ఉమ్మడిగా ఉన్నదేదో పోయింది. ఫ్యూజు, సప్లై వైరు, సీటు కింది కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు), ఎర్త్ (కరెంటు కారు బాడీ మీదుగా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి పోయే దారి), మెమరీ ఉన్న సీటైతే కంట్రోల్ యూనిట్. నాకు ఇదే జరిగింది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది హనుమకొండ. 2023 జులై చివరి వానలకు మా వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. ఇంటి ముందున్న కారులోకి కూడా వచ్చాయి. నాలుగు డోర్లూ తీసి రెండు రోజులు ఎండబెట్టాం. కార్పెట్ పైకి పొడిగా కనబడింది, ఇంక మర్చిపోయాం. దాని కింది స్పాంజ్ మాత్రం తడి పట్టుకునే ఉందని అప్పుడు తెలియదు. సంక్రాంతి దాటాక సీటు మొరాయించడం మొదలైంది. మొదట బరువుగా కదిలేది, తర్వాత ఒకరోజు కదిలితే రెండు రోజులు లేదు. మా తమ్ముడు నాకంటే జానెడు పొడుగు. వాడు నడిపి, సీటు చివరిదాకా వెనక్కి జరిపి వదిలేసిన రోజే పూర్తిగా ఆగిపోయింది. వారం రోజులు వీపు వెనక దిండు పెట్టుకుని నడిపాను.

ఒక వర్క్‌షాప్‌లో మీకు చెప్పిందే నాకూ చెప్పారు, 26 వేలన్నారు. మనసొప్పక వరంగల్‌లో సెల్ఫ్, డైనమో పనులు చేసే ఒక పెద్దాయన దగ్గరికి పోయాను. "మీటర్‌లో 12 చూపిస్తోంది కాకా" అంటే, "మీటర్ నల్ల వైరు ఎక్కడ పెట్టి చూసిండ్రు బిడ్డా?" అన్నాడు. సీటు బోల్టుకు ఆనించారని చెప్పాను. "అది బాడీ. స్విచ్‌కు వచ్చే ఎర్త్ వైరు ఎట్లున్నదో అది నీకెట్ల చెప్తది?"

అసలు కిటుకు అంతా ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది. పైగా మీటర్ తీసుకునే కరెంటు లెక్కలోకి రానంత. వైరులో ఒక్క పోగు మిగిలినా 12 చూపిస్తుంది, మోటారుకు మాత్రం ఆ పోగు చాలదు. అందుకే ఆయన మీటర్ పక్కన పెట్టి, రెండు వైర్లు కట్టిన 21 వాట్ల ఇండికేటర్ బల్బు తీశాడు. అది దాదాపు పావు తక్కువ రెండు ఆంపియర్లు లాగుతుంది. స్విచ్ కప్లర్ ఊడదీసి, ఒక వైరు సప్లై పిన్నుకు, ఇంకోటి బాడీకి పెడితే బల్బు భగ్గున వెలిగింది. అంటే సప్లై బాగుంది. రెండో వైరును బాడీ నుంచి తీసి కప్లర్‌లోని ఎర్త్ పిన్నుకు పెట్టేసరికి బీడీ నిప్పంత ఎర్రగా మిగిలింది.

మీటర్ ఒక్కటే ఉన్నా పట్టుకోవచ్చు. కప్లర్ తిరిగి పెట్టేసి, ఎర్త్ వైరుకూ బాడీకీ మధ్య మీటర్ పెట్టి బటన్ నొక్కి చూడండి. అర వోల్టు కూడా దాటకూడదు. నాకు నొక్కగానే 11 మీదికి ఎగిరింది.

సీటు వెనక్కి ఉండిపోవడంతో దాని వెనక బోల్టులు అందలేదు. డోర్ కింది ప్లాస్టిక్ పట్టీ పీకి కార్పెట్ లేపాం. గుప్పుమని కుళ్లు వాసన. ఎర్త్ బోల్టు కింది రింగు పచ్చటి చిలుముతో ఉబ్బి ఉంది, గోరుతో గీకితే పొడి రాలింది. బాడీ దగ్గర ఉప్పుకాగితంతో రుద్ది, వైరు మంచి రాగి వచ్చేదాకా కోసి, కొత్త రింగు వేసి బిగించి, పైన గ్రీజు పూశాడు. నాలుగు వందలు తీసుకున్నాడు. దిండు ఇంట్లోకి పోయింది.

మీరే చేసుకోవాలనుకుంటే ఒక్క జాగ్రత్త. సీటు కింద పసుపు రంగు కప్లర్లు ఉంటే అవి ఎయిర్‌బ్యాగువి. వాటిలో మీటర్ గానీ బల్బు గానీ పెట్టకూడదు. సీటు విప్పాల్సి వస్తే ఇగ్నిషన్ ఆపి, తాళంచెవి బయటికి తీసి, బ్యాటరీ నెగటివ్ ఊడదీసి, నేనైతే పావుగంట ఆగుతాను. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా ఆ కప్లర్ పీకితే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కూర్చుంటుంది, అది ఇంకో ఖర్చు. ఫ్యూజు మళ్లీ మళ్లీ పోతుంటే పెద్దది వేయకండి, షార్ట్ వెతకండి. మన దగ్గర ఎలుకలు కొరికిన వైర్లకు కొదవ లేదు.

అన్నీ కాక ఒక్క కదలికే ఆగినవాళ్లకు లెక్క వేరు. బటన్ నొక్కినప్పుడు లోపలి లైటు కొంచెం డిమ్ అయితే మోటారుకు కరెంటు అందుతున్నట్టే, ఎక్కడో పట్టేసింది. 2024 మేడారం జాతర నుంచి వచ్చాక మా బావ కారులో ఇదే సంగతి. అమ్మవార్లకు తీసుకెళ్లిన బంగారం, అదే బెల్లం, సీటు పట్టాల్లో రాలి, దుమ్ముతో కలిసి రాయిలా గట్టిపడింది. వేడినీళ్ల గుడ్డతో తుడిస్తే సరిపోయింది. ముందుకు పోయి వెనక్కి రాకపోతే మాత్రం ఎక్కువగా స్విచ్ లోపలి కాంటాక్టే. సీటు మోటారు తిరిగే దిక్కు మారడానికి స్విచ్ ప్లస్, మైనస్ తారుమారు చేస్తుంది. ఒక దిక్కు తిరిగే మోటారు పాడైనట్టు కాదు.

మీ మెకానిక్ నల్ల వైరు ఎక్కడ పెట్టి చూశాడో అడగండి. సీటు ఇప్పుడు ముందుకుందా, వెనక్కుందా, కారు ఎప్పుడైనా నీళ్లలో నిలిచిందా, అదీ రాయండి.