బిల్లులో పైసా ఎక్కడికి పోయింది?

ప్రశ్న: మా మందుల షాపు బిల్లింగ్ పేజీ నేనే జావాస్క్రిప్ట్‌లో రాసుకున్నాను. 450 రూపాయల మందులకు డెలివరీ 50 కలిపితే 45050 వచ్చింది. తగ్గింపు మాత్రం సరిగ్గానే తీసేస్తోంది. ఇంకోటి, 19.99 ధరను వందతో గుణించి, పూర్ణాంకంగా మార్చే పార్స్‌ఇంట్ ఫంక్షన్‌తో పైసలు చేస్తే 1998 వస్తోంది. ఎందుకిలా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: 45050 బిల్లు చూసి కస్టమర్ కళ్లు తిరిగి పడిపోయినా, మందుల షాపే కాబట్టి ఫర్వాలేదు.

పేజీలో ధర రాసే పెట్టెలో ఏం కొట్టినా, ఆ పెట్టె టైప్ (రకం) నంబర్ అని పెట్టినా, దాని వ్యాల్యూ తీస్తే వచ్చేది స్ట్రింగే, అంటే సంఖ్య కాదు, అక్షరాల వరుస. ప్లస్‌కు ఒకవైపు స్ట్రింగ్ కనిపిస్తే చాలు, కూడటం మానేసి అతికించేస్తుంది. మైనస్ అలా కాదు, స్ట్రింగ్‌ను సంఖ్యగా మార్చుకుని లెక్క కడుతుంది. మీ తగ్గింపు అందుకే గట్టెక్కింది. కూడేముందు నంబర్ ఫంక్షన్‌తో మార్చండి. అలాగే మార్చే పార్స్‌ఫ్లోట్ ఫంక్షన్ వద్దు. ఎవరైనా 1,250 అని కామాతో కొడితే అది కిక్కురుమనకుండా 1 ఇస్తుంది. నంబర్ అయితే నాన్ (NaN, అంటే ‘సంఖ్య కాదు’) ఇస్తుంది, కనీసం కంటపడుతుంది.

ఇక పైసా సంగతి. జావాస్క్రిప్ట్ మామూలు సంఖ్యలను ఐఈఈఈ 754 అనే ప్రామాణిక పద్ధతిలో, 64 బిట్ల బైనరీలో, అంటే 0, 1 అంకెల్లోనే దాస్తుంది. మూడో వంతును 0.333... అని రాస్తూ పోవడమే తప్ప ముగించలేం కదా, బైనరీలో 19.99దీ అదే గతి. దానికి బాగా దగ్గరి సంఖ్యే లోపల ఉంటుంది. వందతో గుణిస్తే 1998.9999999999998. పార్స్‌ఇంట్ చుక్క తర్వాతదంతా కోసేస్తుంది. దాని బదులు దగ్గరి పూర్ణాంకానికి సర్దే మ్యాథ్.రౌండ్ పెట్టండి, 1999 వస్తుంది. జావాస్క్రిప్ట్‌ను తిట్టుకోకండి, పైథాన్‌లో గుణించినా ఇదే జవాబు.

చుక్క తర్వాత ఇన్ని స్థానాలే ఉంచే టుఫిక్స్‌డ్ వేస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే వినకండి. 1.005ను రెండు స్థానాలకు అడిగితే 1.01 బదులు 1.00 అంటుంది. పైగా ఇచ్చేది స్ట్రింగ్. 450కి వేసి, దానికి 50 కలిపి చూడండి: 450.0050! మళ్లీ మొదటికే వచ్చాం.

ధర లోపలికి రాగానే పైసలు చేసేయండి, లెక్కంతా పూర్ణాంకాల్లోనే నడపండి, బిల్లు మీద చూపించేటప్పుడే వందతో భాగించండి. 9007199254740991 దాకా పూర్ణాంకాల్లో తేడా రాదు. అన్ని పైసలు మీ గల్లాపెట్టెలో చేరిన రోజున మళ్లీ రాయండి, ఇంకా పెద్ద పూర్ణాంకాల కోసం ఉన్న బిగ్‌ఇంట్ గురించి చెబుతాను. జీఎస్టీ శాతం లెక్కించేటప్పుడు మాత్రం చుక్క మళ్లీ వస్తుంది. వస్తువువారీగా రౌండ్ చేయాలా, మొత్తానికి ఒకేసారి చేయాలా అన్నది ముందే మీ అకౌంటెంట్‌ను అడిగి పెట్టుకోండి.