మీ బండి, మా సలహా: మియాపూర్ పోలోల పంచాయితీ

ప్రశ్న: మేం ముగ్గురం ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. నాది 2014 ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ, 1.2 ఇంజిన్, డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్. కింది ఫ్లోర్ ఆయనది 2021 పోలో 1.0 టీఎస్ఐ మాన్యువల్. ఇంకొకాయనది హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్. ఆదివారం గండిపేట దగ్గర చాయ్ తాగినంతసేపూ ఎవరి బండి గొప్పన్నదే లొల్లి. అసలైన జీటీ నాదే అంటే ఒప్పుకోరు. తీరా అనంతగిరి మలుపుల్లో నేనే వెనకబడుతున్నా, ముందు చక్రాలు బయటికి జారుతున్నాయి. ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగ్ మార్చి పవర్ పెంచే రీమ్యాప్ చేయిస్తే వీళ్ల నోళ్లు మూతపడతాయా?
– ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: రీమ్యాప్ మాట మర్చిపోండి. మీ బండిలోని డ్రై క్లచ్ డీఎస్‌జీని 250 న్యూటన్ మీటర్ల టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) వరకే తయారుచేశారు. ఇన్నేళ్లుగా హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో సగం బ్రేకు మీద పాక్కుంటూ నడిచిన క్లచ్‌ల మీద ఇంకా బరువు పెట్టకండి. బండి ఆగినప్పుడు బ్రేకు గట్టిగా తొక్కి ఉంచండి, క్లచ్ విడిపోయి వేడి తగ్గుతుంది.

అంకెలతో మీ గొడవ తేలదు. పవర్ చూస్తే మీది 105 పీఎస్, కింది ఫ్లోర్ ఆయనది 110, ఐ20ది 120. టార్క్ రెండు పోలోలదీ 175, ఐ20ది 172. మీదొక్కటే నాలుగు సిలిండర్లది. ఔటర్ మీద (లిమిట్ 120, దాటకండి) అంత నున్నగా లాగేది మీ బండే. ఘాట్‌లో మాత్రం నా ఓటు మాన్యువల్ పోలోకే, దానికి జీటీ బ్యాడ్జి లేకపోయినా సరే. మలుపుకు ముందే రెండో గేరు వేసుకుంటే బయటపడే దాకా అదే గేరులో ఉంటుంది. మీ డీఎస్‌జీ డీ (డ్రైవ్)లో ఉంటే పెట్రోలు ఆదా కోసం పై గేరుకు ఎగబాకుతుంది. ఎస్ (స్పోర్ట్)లో పెట్టండి, లేదా లివర్ పక్కకు తోసి గేర్లు మీరే మార్చుకోండి.

ముందు చక్రాలు జారడం మాత్రం గేర్ల గొడవ కాదు. పొద్దున్నే స్టీరింగ్ ఒక పక్కకు పూర్తిగా తిప్పి, ముందు టైరు పక్కన కూర్చోండి. డీఓటీ అన్న అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి. ఇవతల లేకపోతే లోపలి వైపు ఉంటాయి. 3518 అంటే 2018లో 35వ వారం. అలాంటి టైరు గోడ మీద సన్నటి పగుళ్లు కనిపిస్తే గాడులు ఎంత లోతుగా ఉన్నా లాభం లేదు, మన ఎండలకు రబ్బరు గట్టిపడిపోయింది. "ఇంకో ఏడాది లాగిద్దాం" అనేవాళ్లను రోజూ చూస్తుంటా. నాలుగూ ఒకే రకం కొత్తవి వేయించండి, అలైన్‌మెంట్ చూపించండి. గాలి ఎంతుండాలో పెట్రోలు మూత లోపల స్టిక్కర్ మీద ఉంటుంది. చేవెళ్ల దాటాక బంకులో కాదు, టైర్లు చల్లగా ఉండగా ఇంటి దగ్గరే చూసుకోండి.

ఐ20 ఆయనకు నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులున్నాయి, మామూలు ఐ20 కన్నా సస్పెన్షన్ గట్టిది. అయినా రోజువారీకి ముగ్గురిలో సుఖపడేది ఆయనే. మీ చాయ్ దగ్గరికి 145 హార్స్‌పవర్ ఫియట్ అబార్త్ పుంటో ఉన్నవాళ్లెవరూ రాలేదు, సంతోషించండి. వస్తే ఆ హైడ్రాలిక్ స్టీరింగ్ మహిమ విని ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది.

ప్రశ్న: మావారు సెకండ్ హ్యాండ్ 2021 ఐ20 ఎన్ లైన్ ఐఎంటీ చూశారు. "క్లచ్ లేదు కాబట్టి ఆటోమేటిక్ లాంటిదే" అంటున్నారు. రోజూ ఆఫీసుకు నడిపేది నేను. నిజమేనా?
– ఒక పాఠకురాలు, మల్కాజ్‌గిరి

జవాబు: కాదండీ. క్లచ్ పెడల్ లేదు గానీ గేర్లు మీరే మార్చాలి. ఎడమ కాలికి విశ్రాంతి, ఎడమ చేతికి డ్యూటీ. ఎన్ లైన్‌లోనే గేర్లు తనే మార్చుకునే డీసీటీ ఆటోమేటిక్ ఉంది, ముందు అది నడిపి చూడండి. ఇక మీవారికి గేర్ల సరదానే ముఖ్యమంటే 2023 తర్వాతి దాంట్లో క్లచ్ పెడల్‌తో మామూలు ఆరు గేర్ల మాన్యువల్ వచ్చింది. అది ఆయన సొంతానికి కొనుక్కోమనండి.