తపస్సు కాలంలో, అంటే ఈస్టర్‌కి ముందు నలభై రోజుల్లో, దేవుడి దగ్గర క్షమాపణ అడిగితే చాలా, మనం బాధపెట్టిన మనిషి దగ్గరికీ వెళ్లాలా?

ఇల్లు పంచుకునేటప్పుడు అక్కకి అన్యాయం చేశానని, అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవని, పాపసంకీర్తనానికి (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి) వెళ్లి కూడా ఏళ్లు గడిచాయని మీరు రాశారు. ఇప్పుడు చెన్నైలో ఉన్నారు, ఈ తపస్సు కాలంలో మనసు మార్చుకోవాలనుకుంటున్నారు. నన్నడిగితే రెండు చోట్లకీ వెళ్లాలి. అక్క దగ్గరికి వెళ్లడానికి ఈస్టర్ దాకా ఆగకండి.

క్షమాపణ అడిగించుకున్న ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి అటువైపు ఎలా ఉంటుందో చెప్పగలను. నాన్న పోయాక గుంటూరు దగ్గర మా పొలం కౌలు డబ్బు చిన్నాన్న వాడుకున్నాడు. అమ్మ మందులకి కూడా ఇబ్బంది పడిన రోజులవి. ఒక ఏడు తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం దాటాక ఆయన రైలెక్కి సైదాపేటలో మా ఇంటికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. "వదినా, మీకు రావాల్సిన డబ్బు నేను తినేశాను. తప్పు చేశాను. ఇప్పటికి ఇంత తెచ్చాను, మిగతాది పంపిస్తాను" అన్నాడు. ఆయనకి కూతురి పెళ్లి అప్పులున్నాయని మాకు తెలుసు. ఆ మాట ఆయన ఎత్తనే లేదు. ఎత్తి ఉంటే అమ్మ మనసు మళ్లీ బిగుసుకుపోయేదని నాకు గట్టి నమ్మకం.

అమ్మ ఆరోజు క్షమించానని అనలేదు. అన్నం పెట్టింది, అంతే. ఆయన కూడా తొందరపెట్టలేదు, డబ్బు మాత్రం పంపుతూ వచ్చాడు. ఆ క్రిస్మస్‌కి అమ్మే ఫోన్ చేసి పిల్లల్ని తీసుకుని రమ్మంది.

అందుకే అంటున్నాను, "నీకు బాధ కలిగితే సారీ అక్కా" అని వాట్సాప్‌లో పెట్టకండి. మీరేం చేశారో మీ నోటితోనే చెప్పండి. వాటా ఇవ్వాల్సి ఉంటే దాని లెక్క కూడా తేల్చండి. పన్నులు వసూలు చేసే జక్కయ్య యేసు ప్రభువు ముందు నిలబడి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు కదా. మత్తయి 5వ అధ్యాయంలో ప్రభువు ఇంకా సూటిగా చెప్పాడు: కానుక బలిపీఠం దగ్గరే వదిలిపెట్టి, ముందు వెళ్లి సమాధానపడి రా అని. పాపసంకీర్తనంలో పాపం క్షమించబడినా, జరిగిన నష్టాన్ని చేతనైనంత వరకు సరిచేయాలని మన కతోలిక సభ కూడా బోధిస్తుంది.

ఇక పాపసంకీర్తనం గురించి మీ టెన్షన్ నాకు అర్థమైంది. ఏడాదికి ఒక్కసారైనా చేయాలన్న నియమం 1215లో నాలుగో లాటరన్ మహాసభ పెట్టింది. ఏళ్లు దాటిపోయాయని ఎవరూ తరిమేయరు. ఎంతకాలమైందో మొదటే చెప్పేయండి, అక్కడ చెప్పే పశ్చాత్తాప ప్రార్థన మర్చిపోయానని కూడా చెప్పండి, ఫాదరే చెప్పించుకుంటారు. మీరు చెప్పింది ఆయన ఎవరికీ చెప్పకూడదు, ఆ నియమం చాలా కఠినమైనది. తమిళంలో గానీ ఇంగ్లీషులో గానీ మనసు విప్పలేననిపిస్తే, తెలుగు వచ్చిన ఫాదర్ ఎక్కడున్నారో పారిష్ ఆఫీసులో అడగండి. ఈస్టర్‌కి ముందు వచ్చే పవిత్ర వారంలో క్యూ పెద్దది, నిదానంగా మాట్లాడే వీలుండదు. ముందే వెళ్లండి.

ఉపవాసం సంగతి మీకు తెలిసిందే: విభూది బుధవారం, గుడ్ ఫ్రైడే, 18 నుంచి 59 ఏళ్ల వాళ్లకి. మాంసం మానడం ఒక్కటే తపస్సు అనుకుంటే మాత్రం యెషయా 58వ అధ్యాయం ఒకసారి చదవండి. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టని ఉపవాసం దేవుడికి అక్కర్లేదని అక్కడ ఉంటుంది. శుక్రవారాల్లో కుదిరితే పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్) మెట్లెక్కుతూ సిలువ మార్గం, అంటే యేసు సిలువ మోసిన దారిని ఒక్కో స్థలం దగ్గర ఆగి తలచుకునే ప్రార్థన, చేయండి. పద్నాలుగు స్థలాలూ ఆ దారిలోనే ఉన్నాయి. నాకు మాటలు దొరకనప్పుడు ఆ ప్రార్థనే ఆధారం.

అక్క తలుపు తీయకపోవచ్చు, తిట్టొచ్చు కూడా. తిడితే వినండి, ఎదురు చెప్పకండి. ఆమె ఎప్పుడు క్షమిస్తుందన్నది ఆమె ఇష్టం. వాటా సంగతి మాత్రం దాంతో ముడిపెట్టకుండా పూర్తి చేయండి. ఈ వారమే ఫోన్ చేసి, "అక్కా, ఆదివారం పూజ అయ్యాక ఒకసారి రానా?" అని అడగండి.