అక్టోబరు చలికి కట్టె స్టవ్: గాలి మూస్తే డబ్బు మిగలదు

తమ్ముడూ, అమెరికాలోని వెర్మాంట్‌లో అక్టోబరు చలికి కట్టె స్టవ్ ఎలా వాడాలని అడిగావు. మీది పొగాకు పండే కొండపి అన్నావు కాబట్టి నీకు చెప్పడం తేలిక. పొగాకు బ్యారన్ కాల్చడం, అంటే కొట్టంలో సెగ పెట్టి ఆకు ఆరబెట్టడం, చూసే ఉంటావు. ఆకు పసుపు రంగుకి తిరిగేదాకా సన్న సెగ, ఆ తర్వాత ఈనె ఎండేదాకా సెగ పెంచుతూ పోతారు. సన్న సెగ కావాలంటే కట్టె తక్కువ వేస్తారు. వెర్మాంట్‌లో నీ స్టవ్‌కీ అదే పద్ధతి.

నేను వచ్చిన కొత్తలో నా ధ్యాసంతా ఇల్లు వెచ్చబెట్టే ఆయిల్ బిల్లు మీదే. బయట 50 డిగ్రీల ఫారన్‌హీట్ (10 సెల్సియస్) ఉన్నా స్టవ్ నిండా ఓక్ పేళ్లు కుక్కి, గాలి మీట పూర్తిగా మూసి పడుకునేవాణ్ణి. తెల్లారి చూస్తే సగం కట్టె మిగిలుండేది. ఎంత ఆదా అనుకునేవాణ్ణి. అద్దం నల్లబడుతున్నా పట్టించుకోలేదు. పొగగొట్టం శుభ్రం చేసేందుకు వచ్చినాయన బ్రష్ దించితే లోపలంతా క్రియోసోట్, అంటే పొగ పట్టి పేరుకునే తారులాంటిది, నల్లగా మెరుస్తూ గట్టిపడిపోయి ఉంది. బ్రష్‌కి ఊడలేదు. దాన్ని తీయించడానికి అయిన ఖర్చు నేను మిగిల్చిన ఆయిల్ డబ్బుకంటే ఎక్కువ. అది అంటుకుని ఉంటే ఇల్లే పోయేది.

చలి తక్కువున్నప్పుడు పొగగొట్టం పైకి లాగే బలం తగ్గుతుంది. పైగా గాలి మూస్తే పొగ కాలకుండా పోయి చల్లటి గొట్టానికి పట్టేస్తుంది. నువ్వు కొన్న వేడి దాంతోపాటే పోయినట్టు.

రెండు మూడు లావాటి పేళ్లు చాలు, ఓక్ గానీ హికరీ గానీ. సందు లేకుండా ఆనించి పెట్టు, నిదానంగా కాలతాయి. కింద అంగుళం బూడిద ఉండనీ, నిప్పులు నిలుస్తాయి. సన్నపుల్లలు పైన పేర్చి పైనుంచే అంటించు. పేళ్లు బాగా అంటుకున్నాక గాలి కొద్దికొద్దిగా తగ్గించు, మంట మాత్రం కనబడుతూ ఉండాలి. ఇల్లు వెచ్చబడ్డాక ఆరిపోతే ఆరిపోనీ.

రాత్రంతా సన్న సెగే కావాలంటే క్యాటలిటిక్ స్టవ్‌లున్నాయి, తక్కువ వేడిలోనూ పొగను కాల్చేస్తాయి. ఖరీదెక్కువ, పొగను కాల్చేందుకు లోపల ఉండే క్యాటలిస్ట్ అనే భాగాన్ని కొన్నేళ్లకి మార్చాలి కూడా. ఇప్పుడే దాని జోలికి పోవద్దు.

కార్బన్ మోనాక్సైడ్ అలారం, ఏటా పొగగొట్టం తనిఖీ, ఇవన్నీ మీ ఊరి ఫైర్ స్టేషన్లో అడుగు, చెప్తారు.

డబ్బు పెట్టాల్సింది ఎండు కట్టె మీద. అమ్మేవాడి మాట నమ్మకు. ఒక పేడు చీల్చి లోపలి వైపు తేమ మీటర్ గుచ్చు, 20 శాతం దాటితే వద్దను. ఇక్కడ కట్టె అమ్మే కొలత కార్డు, అంటే పేర్చి కొలిస్తే 128 ఘనపుటడుగులు రావాలి, కొలిచాకే డబ్బివ్వు. ఓక్ ఆరడానికి రెండేళ్లయినా పట్టొచ్చు, వచ్చే శీతాకాలాలకి కావలసింది ఇప్పటినుంచే కొని పేర్చుకో.