చేతులు తిమ్మిర్లు.. పురుగుమందు కొట్టే పని వల్లేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గుంటూరు జిల్లా. మా ఆయన పదిహేనేళ్లుగా మిర్చి తోటల్లో కూలికి మందు కొడతాడు, నల్ల తామర పురుగు వచ్చిన కాడ్నుంచి అయితే వారంలో మూడ్రోజులు ట్యాంకు వీపు మీదే. ఇప్పుడు అరికాళ్లు, వేళ్లు తిమ్మిర్లు, చొక్కా గుండీలు కూడా పెట్టుకోలేకపోతున్నాడు, మతిమరుపు, ఊరికే కోపం. ఆర్‌ఎంపీ నరాల బలహీనత అని బి12 సూదులు వేస్తున్నాడు. నేను నీళ్లు అందిస్తా, బట్టలు ఉతుకుతా. ఇదంతా మందు వల్లేనా?

జవాబు: అమ్మా, చూడకుండా అవునని చెప్పలేను, షుగర్, తాగుడు, బి12 తక్కువైనా తిమ్మిర్లొస్తాయి. కానీ మీ అనుమానం గట్టిదే. ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందులు కోలినెస్టరేజ్ అనే ఎంజైముని పని చెయ్యనివ్వవు, అది లేకపోతే నరం ఇచ్చిన సిగ్నల్ ఆగదు. ఒకేసారి ఎక్కువ పడితే వాంతులు, చెమటలు, అందరికీ తెలిసిందే. కొంచెం కొంచెంగా ఏళ్ల తరబడి పడితే మాత్రం తిమ్మిర్లు, మతిమరుపు, చిరాకు ఇలా మెల్లగా బయటపడొచ్చు, అప్పటికి మందుని ఎవరూ తల్చుకోరు.

ఇంకోటి, అందరూ ముక్కుకి తువ్వాలు చుట్టుకుని సేఫ్ అనుకుంటారు. మందు ఎక్కువగా వెళ్లేది చర్మం గుండా! ట్యాంకు మూత దగ్గర కారి వీపంతా తడిసిన చొక్కాతోనే సాయంత్రం దాకా కొడతారు చూడండి, అదీ అసలు సమస్య, దానికి చెమట తోడు.

పెద్దాసుపత్రిలో న్యూరాలజీకి తీసుకెళ్లండి, నరాల టెస్టు (నెర్వ్ కండక్షన్) చేస్తారు. వాడిన డబ్బాల లేబుళ్లు ఫోన్లో ఫొటో తీసి చూపించండి. బి12 సూదులు పడ్డాయని కూడా ముందే చెప్పండి, లేదంటే రిపోర్టులో బి12 బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. రక్తంలో కోలినెస్టరేజ్ నార్మల్ వచ్చిందని ఊరుకోకండి, కొట్టడం ఆపిన కొన్ని నెలలకి అది మామూలుకి వచ్చేస్తుంది, నరానికి జరిగిన డ్యామేజీ మాత్రం ఉండిపోవచ్చు. అందుకే మందు కొట్టేవాళ్లు ఎవరైనా ఈ టెస్టు సీజన్‌కి ముందొకసారి, మధ్యలో ఒకసారి చేయించి పోల్చాలి.

ఈలోగా ఆయన ట్యాంకు ఎత్తకూడదు. కూలి ఎక్కువిస్తారనే వెళ్తున్నారని తెలుసు, అయినా కనీసం ఈ పంటకి వద్దు.

మరి మీ సంగతి? ఆ చొక్కాలు మీరు వట్టి చేతుల్తోనే కదా ఉతికేది. గ్లౌజులు వేసుకోండి, పిల్లల బట్టల్లో కలపకుండా విడిగా ఉతకండి, ఆయనతో పాటు మీరూ టెస్టు చేయించుకోండి.