రాత్రిళ్ళు గుండె దడ, నిద్ర పట్టట్లేదు.. యోగా చేస్తే నిజంగా తగ్గుద్దా?

ఆకివీడు వైపు రొయ్యల చెరువులు లీజుకి తీసుకున్నారని, పంట మధ్యలో ఉండగా రాత్రి నడుం వాలిస్తే చాలు గుండె దడ మొదలవుతోందని, యోగా పనిచేస్తదా లేక ఊరికే చెప్తారా అని అడిగారు కదండీ. పనిచేస్తదండి. కాకపోతే దాంతో అప్పు తీరదు, రొయ్య రేటూ పెరగదు, ఒంట్లో కంగారు మాత్రం తగ్గుద్ది.

నేనూ భీమవరం దగ్గర వనామీ రొయ్య వేస్తాను కాబట్టి మీ బాధ తెలుసు. రాత్రంతా ఎండ ఉండదు కదా, నీళ్ళలో నాచు కూడా ఆక్సిజన్ వాడేసుకుంటది, తెల్లారుజాముకి డీఓ, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, బాగా పడిపోద్ది, సరిగ్గా అప్పుడే కరెంటు పోయి, నీళ్ళలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు ఆగాయంటే ఇంక చెప్పక్కర్లేదు. జనరేటర్ వేసి అవి మళ్ళీ తిరిగినా మన ఒళ్ళు మాత్రం ఆ కంగారులోనే ఉండిపోద్ది. మనం చెప్పకుండానే నడిచే నరాల వ్యవస్థలో రెండు భాగాలుంటాయండి. సింపథెటిక్ అనేది ఆపదొస్తే అడ్రినలిన్ వదిలి గుండెని పరిగెత్తిస్తది, పారాసింపథెటిక్ అనేది గుండెని నిదానం చేసి తిన్నది అరిగిస్తది. మనలాంటోళ్ళకి మొదటిది ఆన్‌లోనే ఉండిపోద్ది, అదీ గొడవ.

గుండెకి నిదానించమని కబురు మోసుకెళ్ళేది వేగస్ నరం. గుండెతో మనం నేరుగా మాట్లాడలేం గానీ ఊపిరి మన చేతిలో ఉంది కదా. నమ్మకపోతే ఇప్పుడే మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టి నాడి చూడండి, గాలి పీల్చేటప్పుడు కొంచెం గబగబా కొట్టుకుంటది, నిదానంగా వదులుతుంటే దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం పెరుగుద్ది. వయసు మీదపడ్డోళ్ళకి ఈ తేడా అంతగా తెలీదు లెండి. నన్నడిగితే యోగాలో మనకి కావాల్సిన సరుకంతా ఈ వదలడంలోనే ఉంది, కాళ్ళు మెడ మీద వేసుకునే ఆసనాలన్నీ తర్వాత సంగతి.

చాప మీద వెల్లకిలా పడుకుని పొట్ట మీద చెయ్యి పెట్టుకోండి, ముక్కుతోనే నాలుగు లెక్కపెడుతూ పీల్చి ఆరు లెక్కపెడుతూ వదలండి, మామూలుగా నిమిషానికి పన్నెండు నుంచి ఇరవై దాకా తీసే ఊపిరి అలా చేస్తే ఆరు దగ్గరికి వచ్చేస్తది. ఆరు లెక్కపెడుతూ వదలడం కష్టమైతే ఐదే లెక్కపెట్టండి, బిగబట్టకూడదు అంతే. తర్వాత భ్రామరి, అంటే నోరు మూసుకుని మ్‌మ్‌ అంటూ తుమ్మెదలా గాలి వదలడం, దాంతో వదిలే టైము దానంతటదే పెరుగుద్ది. మా ఆవిడ మొదట్లో ఏంటా మూలుగుడు అని నవ్వేది, ఇప్పుడు తనే నాకంటే ముందు మొదలెడతది. ఆఖర్న శవాసనం వదలొద్దండి. 2025లో యోగాంధ్ర అని ప్రభుత్వం ఊరూరా యోగా చేయించినప్పుడు మా ఊళ్ళో సగం మంది సరిగ్గా శవాసనం టైముకే చాపలు చుట్టేసి టిఫిన్‌కి వెళ్ళిపోయారు, ఆయ్.

యూట్యూబ్ చూసి రాత్రిపూట కపాలభాతి, అంటే పొట్ట లోపలికి లాగుతూ గబగబా గాలి వదలడం, మాత్రం పెట్టుకోకండి. అది ఒంట్లో హుషారు పెంచేది, పైగా బీపీ, గుండె జబ్బు ఉన్నోళ్ళు చెయ్యకూడదు. అసలు ముందు ఈసీజీ, థైరాయిడ్ టెస్టు చేయించేసుకోండి, థైరాయిడ్ ఎక్కువైనా అచ్చం ఇలాగే దడ వస్తది. ఛాతీలో నొప్పి గానీ ఆయాసం గానీ ఉంటే ఇవేమీ చూడకుండా ఆస్పత్రికి వెళ్ళిపోండి.

పొద్దున్న చెయ్యాలా రాత్రా అని కూడా రాశారు. పంట ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే రొయ్య మేత తిన్నదో లేదో చూసే చెక్ ట్రేల దగ్గరే సరిపోద్ది మనకి, కాబట్టి రాత్రి అన్నం తిన్నాక రెండు గంటలు ఆగి, ఫోను పక్క గదిలో పెట్టి చేసుకోండి. కరెంటు పోతే లేపమని చెరువు మీద కాపలా కుర్రాడికి ఇంట్లో ఇంకొకళ్ళ నంబర్ ఇచ్చుంచండి.