క్రిప్టో స్టేట్‌మెంటులో ఖర్చు పద్దు ఎక్కడుంది?

"క్రిప్టో రేపటి డబ్బు, ఇప్పుడే కొనిపెట్టుకోమని స్నేహితుడు పోరుతున్నాడు. దానికి నిజంగా ఉపయోగముందా, అంతా ధర పెరుగుతుందన్న ఆశేనా?" అని అడిగారు. గుంటూరులో ఇన్‌కంటాక్స్ రిటర్నులు వేయడం నా వృత్తి. జనం తెచ్చే స్టేట్‌మెంట్లు చూసి చెబుతున్నాను: మన దగ్గర జరిగేది దాదాపు అంతా స్పెక్యులేషనే.

2023 జులైలో, రిటర్నుల గడువు ముంచుకొస్తున్న రోజుల్లో, మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే పెద్దాయన కొడుకుని వెంటబెట్టుకొచ్చారు. అబ్బాయి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ల్యాప్‌టాప్ తెరిచి ఎక్సెల్ షీటు చూపించాడు. కొన్నది, అమ్మింది, మళ్ళీ కొన్నది, అలా కిందికి దిగుతూనే ఉంది. ఒక కాయిన్‌లో 3 లక్షలు లాభం. మిగతావాటిలో 4 లక్షలకు పైగా నష్టం. అందులో ఎక్కువ భాగం 2022 మే నెలలో లూనా అనే కాయిన్ కుప్పకూలినప్పుడు పోయింది.

"మొత్తం మీద లక్ష పోగొట్టుకున్నాను కదా అంకుల్, ఇక టాక్సేముంటుంది?" అన్నాడు.

ఉంటుందని చెప్పాల్సొచ్చింది. 2022 బడ్జెట్ తెచ్చిన నిబంధన ప్రకారం క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, సెస్సుతో కలిపి 31.2. ఒక కాయిన్ నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలోంచి తీసెయ్యడానికి వీల్లేదు, వచ్చే ఏడాదికి మోసుకుపోవడానికీ వీల్లేదు. అంటే ఆ 3 లక్షల మీద 93,600 రూపాయలు కట్టాలి. అబ్బాయి మొహం పాలిపోయింది.

అప్పటిదాకా నోరు మెదపని పెద్దాయన అడిగారు. "ఇన్ని కొన్నావు గదా, వీటితో ఏం కొన్నావురా?"

"ఖర్చు పెట్టడానికి కాదు నాన్నా. పెరుగుతుందని ఉంచుకోవడమే."

"ధర కోసం నేనూ కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, ఆపుతాను. పడితే నష్టపోతాను. అయినా ఆ కాయల్ని చివరికి ఎవరో ఒకరు కారం పట్టించుకుంటారు. నీ సరుకుని చివర్లో వాడేదెవరు?"

అబ్బాయి దగ్గర జవాబు లేదు. నేనూ షీటు పైనుంచి కిందిదాకా చూశాను. ఒక్క వస్తువు కొన్న పద్దు గానీ, ఎవరికైనా బాకీ తీర్చిన పద్దు గానీ లేదు. ఆ తర్వాత నా దగ్గరికొచ్చిన క్రిప్టో స్టేట్‌మెంట్లన్నీ ఇదే కళ్ళతో చూస్తున్నాను. ఒకరిద్దరివి తప్ప అన్నీ అంతే.

నా ఉద్దేశంలో దీనికి కారణం ఒక్కటే. రేపు పెరుగుతుందని నమ్మినవాడు ఈరోజు ఖర్చు పెట్టడు. 2008లో సతోషి నకమోటో పేరుతో వచ్చిన పత్రం, పేరున్న క్రిప్టో అయిన బిట్‌కాయిన్‌ని ఎలక్ట్రానిక్ నగదు అనే చెప్పింది. 2010 మే 22న అమెరికాలో ఒకాయన 10,000 బిట్‌కాయిన్లిచ్చి రెండు పిజ్జాలు తెప్పించుకున్నాడు. నన్నడిగితే బిట్‌కాయిన్‌ని డబ్బులా వాడినవాడు ఆయనే. కానీ ఈ కథ చెప్పే ప్రతివాళ్ళూ "అయ్యో, దాచుకుని ఉంటే!" అంటారు. అలా అనేవాళ్ళ చేతిలో అది డబ్బుగా ఎలా చెలామణి అవుతుంది?

మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్ దేశం 2021 సెప్టెంబరులో బిట్‌కాయిన్‌ని చట్టబద్ధమైన కరెన్సీ చేసింది. ప్రభుత్వ యాప్ వేసుకున్నవాళ్ళకి 30 డాలర్ల విలువైన బిట్‌కాయిన్ ఊరికే ఇచ్చింది. ఎక్కువమంది అది వాడుకుని యాప్ పక్కన పెట్టేశారు. 2025 జనవరిలో చట్టం మార్చి, వ్యాపారులు తప్పనిసరిగా తీసుకోవాలన్న నిబంధన ఎత్తేశారు. ఇక మన సంగతి చెప్పక్కర్లేదు. 2016లో యూపీఐ వచ్చింది, కూరగాయల బండి దగ్గర కూడా క్షణంలో డబ్బు చేరుతోంది. బిట్‌కాయిన్‌లో ఒక బ్లాకుకే, అంటే లావాదేవీల కట్ట ఒకటి నమోదు కావడానికే, సగటున పది నిమిషాలు పడుతుంది.

ఉపయోగం అసలే లేదని మాత్రం అనను. మంగళగిరిలో వీడియో ఎడిటింగ్ చేసే ఒక అమ్మాయి నా క్లయింటు. ఆమెకు పని ఇచ్చేది అర్జెంటీనాలో ఒకాయన. 2023లో అక్కడ ద్రవ్యోల్బణం 200 శాతం దాటింది, డాలర్లు బయటికి పంపాలంటే సవాలక్ష ఆంక్షలు. అందుకని డాలరుతో ముడిపడిన యూఎస్‌డీటీ అనే క్రిప్టో కాయిన్‌లో పంపేవాడు. డబ్బు పాడైపోయిన చోట ఇది నిజమైన అవసరం, దాన్ని గౌరవిస్తాను. గమనించండి, ఆ కాయిన్ ధర పెరగదు. పెరగదు కాబట్టే వాడుతున్నారు!

ఆమె కష్టం ఇక్కడికొచ్చాక మొదలైంది. పీటూపీలో, అంటే మనిషికి మనిషి నేరుగా అమ్ముకునే పద్ధతిలో, ముక్కూమొహం తెలియని మనిషికి ఆ కాయిన్లు అమ్మి రూపాయలు తీసుకుంది. అతను పంపిన డబ్బు ఏదో సైబర్ మోసంలోదట. వేరే రాష్ట్రం పోలీసుల లేఖ మీద ఆమె ఖాతా ఫ్రీజ్ అయింది. కష్టపడి పనిచేసి సంపాదించుకున్న పిల్ల స్టేషన్లకి మెయిళ్ళు పెట్టుకుంటూ కూర్చుంది. ఇది నాకు ఇప్పటికీ మండే విషయం. యూట్యూబులో కాయిన్లు అమ్మిపెట్టేవాళ్ళు ఈ సంగతి ఒక్కరూ చెప్పరు. ప్రభుత్వమైనా జూదానికీ జీతానికీ తేడా చూడాలి. షేర్లలో నష్టానికి సర్దుబాటు ఇచ్చి ఇక్కడ మాత్రం లేదనడం, లాభంలో వాటా తీసుకుని నష్టంలో మొహం చాటెయ్యడం అన్యాయం.

మీ స్నేహితుణ్ణి తన స్టేట్‌మెంటు తెరిచి, ఖర్చు పెట్టిన పద్దు ఒక్కటి చూపించమనండి. మీరు ఇప్పటికే కొని ఉంటే, నష్టమొచ్చినా సరే రిటర్నులో క్రిప్టో లావాదేవీల పట్టిక, షెడ్యూల్ వీడీఏ నింపండి. అమ్మినప్పుడు ముందే కోసే 1 శాతం పన్ను, టీడీఎస్, మీ పాన్ మీద పన్ను శాఖ రికార్డులో కనిపిస్తూనే ఉంటుంది. పీటూపీలో మాత్రం అపరిచితులకు అమ్మకండి. అనుమానాస్పద లావాదేవీల్ని గమనించే కేంద్ర సంస్థ ఎఫ్ఐయూలో నమోదైన ఎక్స్ఛేంజీ ద్వారానే అమ్మి, ప్రతి లావాదేవీ కాగితం దాచుకోండి.